డ్రాయింగ్‌లో ప్రశ్న గుర్తులొస్తే: విండోస్, మ్యాక్, లినక్స్ మధ్య ఫాంట్లు సరిచేసుకునే సమగ్ర మార్గదర్శి

విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో ఏ ఫ్యాబ్రికేషన్ షాపులోకి వెళ్లినా గోడకి ఒక డ్రాయింగ్ అంటించి ఉంటుంది. అది అక్కడికి చేరేలోపు రెండు మూడు కంప్యూటర్లు దాటుతుంది. సిరిపురంలో డిజైన్ ఆఫీసు వాళ్లు విండోస్‌లో ఆటోక్యాడ్ మీద గీస్తారు. ఎంవీపీ కాలనీలో ఉన్న ఆర్కిటెక్ట్ దాన్ని మ్యాక్‌లో తెరిచి నోట్స్ చేరుస్తారు. షాపులో సిస్టమ్ చూసే కుర్రాడు పాత మెషీన్‌లో లినక్స్ వేసుకుని ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తాడు. ఇంత ప్రయాణంలోనూ గీతలు చెక్కుచెదరవు, అక్షరాలే చెదురుతాయి. "సార్, కొలత ముందు ప్రశ్న గుర్తులొస్తున్నాయి, కన్నం ఎంత కొట్టమంటారు?" అని షాపు నుంచి ఫోను వస్తే అదృష్టమే అనుకోవాలి. అడగకుండా కొట్టేస్తే ప్లేటు పోయినట్టే.

⌀18 (అంటే 18 వ్యాసం) అన్నది ?18 అయితే చూసినవాడికి అనుమానం వస్తుంది. గుర్తు పూర్తిగా మాయమై ఉత్త 18 మిగిలితే ఏ అనుమానమూ రాదు. ±0.5 అన్న టాలరెన్స్‌లో (కొలత ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే అంకెలో) గుర్తు పోయి 0.5 మిగిలితే అది ఇంకా ప్రమాదం. ఫాంట్ సమస్యని అందచందాల విషయంగా తీసిపారేయకూడదనేది ఇందుకే. డ్రాయింగ్‌లో అక్షరం కూడా కొలతే.

ఒక మాట ముందే చెబుతాను. కమాండ్ల పేర్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. కంప్యూటర్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైప్ చేయాలి.

అసలు ఫైల్లో ఏముంటుంది

డీడబ్ల్యూజీ, అంటే ఆటోక్యాడ్ సొంత డ్రాయింగ్ ఫైల్లో ఫాంట్ ఉండదు, ఫాంట్ పేరు మాత్రమే ఉంటుంది. గీతల వివరాలన్నీ ఫైల్లోనే ఉంటాయి కాబట్టి ఎక్కడ తెరిచినా అవే గీతలు వస్తాయి. అక్షరాల విషయానికొచ్చేసరికి ఫైల్ "ఈ వాక్యాన్ని ఫలానా ఫాంట్‌లో చూపించు" అని చెప్పి ఊరుకుంటుంది. ఆ ఫాంట్ తెరిచే కంప్యూటర్‌లో ఉంటే సరే, లేకపోతే సాఫ్ట్‌వేర్ తనకు తోచినది తెచ్చి పెడుతుంది. సాఫ్ట్‌వేర్ల మధ్య డ్రాయింగులు మార్చుకోవడానికి వాడే డీఎక్స్ఎఫ్‌ ఫైల్‌దీ ఇదే తీరు.

డ్రాయింగుల్లో ఎక్కువగా కనిపించే ఫాంట్లు రెండు జాతులు. ఒకటి ఎస్‌హెచ్‌ఎక్స్. 1982లో వచ్చిన ఆటోక్యాడ్‌కి ఇవి సొంత ఫాంట్లు. పెన్ ప్లాటర్ల కాలంలో పెన్ను ఎటు కదలాలో చెప్పేలా తయారైనవి కాబట్టి వీటిలో అక్షరానికి మందం ఉండదు, ఒంటి గీతే ఉంటుంది. సింప్లెక్స్, రోమన్స్, టీఎక్స్‌టీ అందరికీ తెలిసినవే. రెండోది ట్రూటైప్. ఆపిల్ 1991లో తెచ్చింది, మరుసటి ఏడాది విండోస్ 3.1లోకీ వచ్చింది. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ ఈ జాతివి. ఓపెన్‌టైప్ దీని తరవాతి రూపం. ఇవి కాక కొన్ని ఉచిత సాఫ్ట్‌వేర్లకి సొంత ఫాంట్ రకాలున్నాయి, వాటి సంగతి తరవాత.

ఈ రెండు జాతులూ దొరకనప్పుడు ప్రవర్తించే తీరు వేరు. ఎస్‌హెచ్‌ఎక్స్ దొరకకపోతే ఆటోక్యాడ్ ఫైల్ తెరిచేటప్పుడే ఒక పెట్టె చూపించి, ఏది పెట్టమంటారో చెప్పండి అంటుంది. ట్రూటైప్ దొరకకపోతే చాలాసార్లు ఏమీ అడగకుండా దగ్గర్లో ఉన్న ఇంకో ఫాంట్ పెట్టేస్తుంది. అందుకే నాకు ఎస్‌హెచ్‌ఎక్స్ హెచ్చరిక కంటే ట్రూటైప్ మౌనమే ఎక్కువ టెన్షన్.

మొదటి మెట్టు: జబ్బు ఏదో కనిపెట్టడం

కనిపించే లక్షణాన్ని బట్టి సగం సంగతి తెలిసిపోతుంది.

ప్రశ్న గుర్తులు వస్తే ఫాంట్ అయితే దొరికింది, అందులో ఆ అక్షరం లేదని అర్థం. మన దగ్గర పోర్టుకీ ప్లాంట్లకీ వచ్చే విదేశీ యంత్రాల డ్రాయింగుల్లో, ముఖ్యంగా చైనా నుంచి వచ్చేవాటిలో, ఇది ఎక్కువ. ఆ భాషల అక్షరాలు వేలల్లో ఉంటాయి కాబట్టి వాటికి బిగ్ ఫాంట్ అని ఇంకో ఎస్‌హెచ్‌ఎక్స్ ఫైల్ తోడు కావాలి. అది లేకపోతే వరసగా ప్రశ్న గుర్తులే.

ఖాళీ చదరపు పెట్టెలు వస్తే అది ట్రూటైప్ ఫాంట్, అందులో ఆ లిపి లేదు. అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తే, అది పాత పద్ధతి తెలుగు ఫాంట్‌లో టైప్ చేసిన వాక్యం అయ్యుండొచ్చు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉండి వాక్యం గడి దాటి పక్క కొలత మీద ఎక్కితే, వేరే ఫాంట్ వచ్చి కూర్చుందని తెలుసుకోవాలి. కంచె లైన్, రైలు పట్టాల లైన్ లాంటి ప్రత్యేక గీతల మధ్య ఉండాల్సిన ఆకారాలు మాయమైతే అది ఫాంట్ గొడవ కాదు, షేప్ ఫైల్ గొడవ. అదీ ఎస్‌హెచ్‌ఎక్స్ పేరుతోనే ఉంటుంది గానీ దాని బదులు ఫాంట్ పెడితే పని జరగదు, అసలు ఫైలే తెప్పించుకోవాలి.

ఆటోక్యాడ్‌లో ఫైల్ తెరవగానే ఎఫ్2 నొక్కి టెక్స్ట్ విండో చూడండి. ఏ ఫాంట్ బదులు ఏది పెట్టిందో అక్కడ వరసగా రాసి ఉంటుంది. ఆ వరసని కాపీ చేసి దాచుకోండి, మీ పని జాబితా అదే. తరవాత స్టైల్ కమాండ్ ఇచ్చి డ్రాయింగ్‌లో ఉన్న టెక్స్ట్ స్టైళ్లు (ఫాంట్, ఎత్తు లాంటివి కలిపి పేరు పెట్టిన అమరికలు) ఒక్కొక్కటే చూడండి. లినక్స్‌లో ఎఫ్‌సీ-లిస్ట్ కమాండ్ మెషీన్‌లో ఉన్న ఫాంట్లన్నీ చూపిస్తుంది. ఎఫ్‌సీ-మ్యాచ్ పక్కన ఫాంట్ పేరు ఇస్తే, అది లేనప్పుడు సిస్టమ్ ఏది ఇస్తుందో చెబుతుంది. మ్యాక్‌లో ఫాంట్ బుక్ తెరిచి వెతికితే చాలు.

రెండో మెట్టు: చెయ్యి పెట్టేముందు

అసలు ఫైల్ ముట్టుకోవద్దు. కాపీ తీసి దాని మీద పని చేయండి. పంపినవాళ్లని అదే డ్రాయింగ్ పీడీఎఫ్ కూడా అడగండి. వాళ్ల మెషీన్‌లో ఆ డ్రాయింగ్ ఎలా కనిపిస్తోందో చెప్పే సాక్ష్యం అదొక్కటే. అది లేకుండా సరిచేస్తే మీరు సరిచేసింది సరైనదో కాదో తేల్చే దారి ఉండదు.

మూడో మెట్టు: అసలు ఫాంటే తెప్పించుకోవడం

అన్నిటికంటే మంచి మందు ఇదే. పంపేవాళ్లు ఈట్రాన్స్‌మిట్ కమాండ్ వాడితే డ్రాయింగ్, దానికి జోడించిన ఎక్స్‌రెఫ్‌లు (బయటి డ్రాయింగ్ ఫైళ్లు), ప్లాట్ స్టైళ్లు (ప్రింట్‌లో గీతల మందం, రంగు చెప్పే ఫైళ్లు) అన్నీ ఒకే జిప్‌లో వస్తాయి. సెటప్‌లో ఫాంట్లు కలపమనే చోట టిక్ పెట్టి ఉందో లేదో చూడమనండి. ఎస్‌హెచ్‌ఎక్స్ ఫైళ్లు ఇలా వచ్చేస్తాయి. ట్రూటైప్ ఫాంట్లు వేరేవాళ్ల ఆస్తి, లైసెన్స్ ఉంటుంది, అందుకే అవీ వచ్చేస్తాయని నమ్ముకోకూడదు. అవి మీ దగ్గర ఉన్నాయో లేదో విడిగా చూసుకోండి, లేకపోతే సరైన దారిలో తెచ్చుకోండి. ఎక్కడో ఊరూపేరూ లేని సైట్ నుంచి దించుకున్న ఫాంట్ వైరస్ తేకపోయినా, తప్పు గుర్తులు తేవచ్చు.

వచ్చిన ఎస్‌హెచ్‌ఎక్స్‌ని డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌లోనే పెడితే ఆ డ్రాయింగ్ వరకు ఆటోక్యాడ్ దొరికించుకుంటుంది. అన్ని డ్రాయింగులకీ కావాలంటే ఆప్షన్స్‌లో సపోర్ట్ ఫైల్ సెర్చ్ పాత్‌కి ఒక ఫోల్డర్ చేర్చండి. ఆటోక్యాడ్ సొంత ఫాంట్స్ ఫోల్డర్‌లో కుమ్మరించడం నాకు ఇష్టం ఉండదు. అందులో అప్పటికే రోమన్స్ ఉంటుంది, వచ్చిన ప్యాకెట్‌లోనూ రోమన్స్ ఉంటుంది. పేరు ఒకటే అయినా లోపలి సరుకు ఒకటే అని లేదు. కొన్ని ఆఫీసులు పాత రోజుల్లోనే ఈ ఫాంట్లలోకి తమ సొంత గుర్తులు చేర్చుకున్నాయి. పాతదాని మీద కొత్తది రాసేస్తే ఇంతకాలం బాగున్న మీ డ్రాయింగులు చెడతాయి. రెండు ఫైళ్ల సైజు పోల్చి చూడండి. తేడా ఉంటే ఆ ప్రాజెక్టుకి వేరే ఫోల్డర్ పెట్టండి.

ట్రూటైప్ అయితే విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి అందరు యూజర్లకీ ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ ఎంచుకోండి. మామూలుగా ఇన్‌స్టాల్ కొడితే విండోస్ 10, 11లో అది మీ ఒక్క లాగిన్‌కే పరిమితం అవుతుంది, అలాంటి ఫాంట్‌ని కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు చూడవు. "ఫాంట్ వేశాను కదా, ఎందుకు రావట్లేదు" అన్నప్పుడు ముందు చూడాల్సింది ఇదే. మ్యాక్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఫాంట్ బుక్ చూసుకుంటుంది. లినక్స్‌లో యూజర్ ఫాంట్ల ఫోల్డర్‌లో పెట్టి ఎఫ్‌సీ-క్యాష్ కమాండ్ ఇవ్వాలి. లినక్స్‌కి ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు వేరు వేరు. ఫైల్ పేరు పెద్దబడిలో ఉండి డ్రాయింగ్ చిన్నబడిలో అడిగితే కొన్ని ప్రోగ్రాములు దొరకలేదంటాయి. ఏ సిస్టమ్‌లో అయినా ఫాంట్ వేశాక సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరవండి.

నాలుగో మెట్టు: అసలు ఫాంట్ దొరకనప్పుడు

గీసిన కంపెనీయే లేకపోవచ్చు. విశాఖలో ఇది మామూలే. 1941లో మొదలైన షిప్‌యార్డు ఉన్న ఊరు ఇది. ఓడకీ, క్రేనుకీ, ఫర్నేసుకీ పదుల ఏళ్ల ఆయుష్షు ఉంటుంది, వాటి డ్రాయింగులు కూడా అంతకాలం తెరుచుకోవాలి.

ఇక్కడ రెండు దారులున్నాయి, వాటి తేడా బాగా అర్థం చేసుకోవాలి. ఒకటి, డ్రాయింగ్ ముట్టకుండా మీ కంప్యూటర్‌కి మాత్రమే "ఈ ఫాంట్ అడిగితే అది చూపించు" అని చెప్పడం. రెండోది, డ్రాయింగ్‌లోనే ఫాంట్ మార్చేయడం.

మొదటి దారికి ఫాంట్ మ్యాప్ ఫైల్ ఉంది. అది మామూలు టెక్స్ట్ ఫైల్, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఒక్కో వరసలో ముందు దొరకని ఫాంట్ పేరు, తరవాత సెమీకోలన్, తరవాత బదులు ఫాంట్ పేరు ఎక్స్‌టెన్షన్‌తో సహా రాయాలి. ఆ ఫైల్ ఏదో ఆప్షన్స్‌లోనే చెప్పవచ్చు, లేదా ఫాంట్‌మ్యాప్ అనే సిస్టమ్ వేరియబుల్‌తో చెప్పవచ్చు. ఇందులో లేని ఫాంట్లకి ఆఖరి దిక్కు ఫాంట్‌ఆల్ట్ వేరియబుల్, దాంట్లో మామూలుగా సింప్లెక్స్ ఉంటుంది. బిగ్ ఫాంట్ వాడిన డ్రాయింగులైతే ఫాంట్‌ఆల్ట్‌లో రెండు పేర్లు, మధ్యలో కామా పెట్టి ఇవ్వాలి.

వేరేవాళ్ల డ్రాయింగ్ చూడటానికో, కొలతలు తీసుకోవడానికో అయితే ఈ దారే సరైనది. ఫైల్ యథాతథంగా తిరిగి వెళ్తుంది. మీ మ్యాప్ మీ మెషీన్‌లో మాత్రమే పని చేస్తుందని మర్చిపోవద్దు. మీ స్క్రీన్ మీద బాగుపడింది కదా అని ఫైల్ షాపుకి పంపితే అక్కడ మళ్లీ ప్రశ్న గుర్తులే.

రెండో దారిలో స్టైల్ కమాండ్‌తో ఫాంట్ మారుస్తారు. ముందు పర్జ్ కమాండ్ ఇచ్చి వాడని టెక్స్ట్ స్టైళ్లు తీసేయండి. హెచ్చరికల్లో చాలా భాగం ఎక్కడా వాడని స్టైళ్ల వల్లే వస్తాయి, వాటిని వెతుక్కుంటూ కూర్చోవడం వృథా. మిగిలినవాటికి అన్ని చోట్లా దొరికే ఫాంట్ పెట్టండి. ఎస్‌హెచ్‌ఎక్స్ కావాలంటే సింప్లెక్స్ లేదా రోమన్స్. ట్రూటైప్ కావాలంటే నా ఓటు ఏరియల్‌కే. విండోస్, మ్యాక్ రెండింటిలోనూ ఉంటుంది. లినక్స్‌లో లిబరేషన్ శాన్స్ అని ఉచిత ఫాంట్ ఉంది, దాని అక్షరాల వెడల్పులు ఏరియల్‌తో సరిపోయేలా తయారు చేశారు కాబట్టి వాక్యం గడి దాటదు. టైమ్స్ న్యూ రోమన్‌కి లిబరేషన్ సెరిఫ్, కాలిబ్రికి కార్లిటో ఇలాగే జతలు.

స్టైల్ మార్చినా కొన్ని వాక్యాలు మారవు. మల్టీలైన్ టెక్స్ట్ లోపల ఎవరో ఒక మాటకి విడిగా ఫాంట్ పెట్టి ఉంటారు, అది స్టైల్ మాట వినదు. ఎడిటర్‌లో వాక్యం మొత్తం ఎంచుకుని ఫార్మాటింగ్ తీసేయాలి. అలా తీసేటప్పుడు బోల్డ్, గీత, భిన్నాలు కూడా పోతాయేమో చూసుకోండి. డైమెన్షన్ స్టైళ్లలో టెక్స్ట్ స్టైల్ వేరుగా ఉండొచ్చు. టైటిల్ బ్లాక్‌లో (డ్రాయింగ్ పేరు, నంబరు ఉండే పట్టికలో) అట్రిబ్యూట్లు, అంటే నింపుకునే వివరాలు ఉంటాయి, వాటిని బ్లాక్ ఎడిటర్‌లో మార్చి ఆ తరవాత సింక్ చేయాలి. ఎక్స్‌రెఫ్‌లో ఉన్న అక్షరాలు ఈ ఫైల్లో మారవు, ఆ ఫైల్ తెరిచే మార్చాలి.

ఇక వెడల్పు. టైటిల్ బ్లాక్‌లో ఒక వరస తీసుకుందాం. అసలు పీడీఎఫ్‌లో ఆ వరస పొడవు 62 మిల్లీమీటర్లు, ఫాంట్ మార్చాక 70 అయింది. గడి వెడల్పు 65. అక్షరం ఎత్తు తగ్గించి సర్దేయాలని చెయ్యి లాగుతుంది. అలా చేయకండి, ఎత్తు తగ్గితే ప్రింట్‌లో చదవలేరు, ఆఫీసు స్టాండర్డ్ కూడా తప్పుతుంది. 62ని 70తో భాగిస్తే 0.89 వస్తుంది, విడ్త్ ఫ్యాక్టర్ 1 ఉన్న చోట 0.89 పెట్టండి. ఒకవేళ అక్కడ ముందే 0.9 ఉంటే 0.9ని 0.89తో గుణించి 0.8 పెట్టాలి. స్టైల్‌లో విడ్త్ ఫ్యాక్టర్ మారిస్తే, సింగిల్ లైన్ టెక్స్ట్‌లో కొత్తగా రాసేవాటికే వర్తిస్తుంది. ఇప్పటికే ఉన్నవాటిని ఎంచుకుని ప్రాపర్టీస్‌లో మార్చాలి. ఇది తెలియక స్టైల్ డైలాగ్‌లో అంకెలు మార్చి మార్చి విసిగిపోయినవాళ్లు చాలామంది ఉంటారు.

ఐదో మెట్టు: గుర్తులు

వాక్యాల సంగతి అయ్యాక గుర్తుల కోసం ఇంకోసారి మొదటి నుంచి చూడండి. రెంటినీ ఒకేసారి చూస్తే కన్ను గుర్తుల్ని దాటేస్తుంది.

ఆటోక్యాడ్‌లో రెండు పర్సెంట్ గుర్తులు పెట్టి పక్కన ఇంగ్లీషు సి కొడితే డయామీటర్, డి కొడితే డిగ్రీ, పి కొడితే ప్లస్-మైనస్ వస్తాయి. ఈ పద్ధతిలో రాసినవి మామూలుగా ఎక్కడైనా తెరుచుకుంటాయి. తిప్పలు పెట్టేవి, ప్రత్యేక ఫాంట్‌లో ఒక ఇంగ్లీషు అక్షరం స్థానంలో గుర్తు దాచి వాడినవి. జ్యామితి టాలరెన్స్ గుర్తులు జీడీటీ ఫాంట్‌లో ఇలాగే ఉంటాయి. ఆ ఫాంట్ పోతే పొజిషన్ గుర్తు బదులు ఉత్త ఇంగ్లీషు అక్షరం మిగులుతుంది. చూసేవాడికి అదేదో డేటమ్ (కొలతకి ఆధారంగా తీసుకునే తలం) పేరులా కనిపిస్తుంది, తప్పని తట్టదు కూడా. కాబట్టి టాలరెన్స్ పెట్టెలున్న డ్రాయింగ్‌కి జీడీటీ ఫాంట్‌ని మ్యాప్ ఫైల్లో ఇంకోదానికి ఎప్పుడూ మళ్లించకండి. వెల్డింగ్ గుర్తులు మాత్రం అక్షరాలుగా కాకుండా గీతలతో చేసిన బ్లాకులుగా పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు.

పాత ఫార్మాట్‌లో సేవ్ చేసిన ఫైళ్లలో ఇంకో వింత కనిపిస్తుంది. బ్యాక్‌స్లాష్, యు, ప్లస్, తరవాత నాలుగు అంకెలో అక్షరాలో ఉన్న ముక్కలు వాక్యం మధ్యలో తేలుతాయి. అది యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ ఉన్న ఉమ్మడి సంఖ్యల పద్ధతి) సంఖ్య, చదివే సాఫ్ట్‌వేర్‌కి దాన్ని అక్షరంగా మార్చడం తెలియలేదంతే. డీడబ్ల్యూజీ 2007 ఫార్మాట్ నుంచి అక్షరాలు యూనికోడ్‌లోనే నిలవ ఉంటాయి. అంతకుముందువాటిలో కోడ్ పేజీల (భాషని బట్టి మారే పాత అక్షర పట్టికల) మీద ఆధారపడేవి. ఇంగ్లీషు కాని అక్షరం ఒక్కటి ఉన్నా 2007 లేదా ఆ తరవాతి ఫార్మాట్‌లోనే సేవ్ చేసి పంపండి.

ఆరో మెట్టు: తెలుగు అక్షరాలున్న డ్రాయింగులు

నేమ్ బోర్డులు, సేఫ్టీ బోర్డులు, లేఅవుట్ ప్లాన్లలో వీధుల పేర్లు, గుడి ఆర్చీలు ఇలా తెలుగు రాసే డ్రాయింగులు మన దగ్గర తక్కువేమీ కాదు.

ముందు అది యూనికోడ్ తెలుగా, అను లాంటి పాత పద్ధతి ఫాంటా అన్నది తేల్చండి. వాక్యాన్ని కాపీ చేసి ఫోన్లో వాట్సాప్‌లో అతికించండి. తెలుగే కనిపిస్తే యూనికోడ్. పిచ్చి అక్షరాలు వస్తే పాత పద్ధతి, అంటే ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టిన ఫాంట్. అది ఆ ఫాంట్ ఉన్న మెషీన్‌లోనే తెలుగులా కనిపిస్తుంది. దాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, మార్చినదాన్ని తెలుగు బాగా వచ్చినవాళ్లతో ఒకసారి చదివించాలి. వత్తులు, పొల్లులు తారుమారవడం కన్వర్టర్లలో మామూలే.

యూనికోడ్ అయినా ఫాంట్ పేర్లు సిస్టమ్‌ని బట్టి వేరు. విండోస్‌లో ఎక్స్‌పీ కాలం నుంచి గౌతమి (విండోస్ 10 నుంచి దాన్ని విడిగా చేర్చుకోవాల్సి రావచ్చు), విండోస్ 8 నుంచి నిర్మల యూఐ ఉన్నాయి. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు. లినక్స్‌లో సాధారణంగా నోటో శాన్స్ తెలుగు, లోహిత్, పోతన. గౌతమితో గీసింది మ్యాక్‌లో కోహినూర్‌తో తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి గానీ వెడల్పులూ ఎత్తులూ మారతాయి. ఒకే ప్రాజెక్టులో పనిచేసే అందరూ నోటో శాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్ ఒకటి ఒప్పుకుని మూడు సిస్టమ్‌లలోనూ వేసుకుంటే ఈ గొడవ పోతుంది. దాని లైసెన్స్ కూడా పంచుకోవడానికి ఒప్పుకుంటుంది.

ఫాంట్ ఉన్నా తెలుగు చెడే సందర్భం ఒకటుంది. "విశాఖపట్నం" అని రాసి చూడండి. ట కింద న వత్తు రావాలి. అలా కాకుండా "పట్" అని పొల్లు పడి, పక్కన "నం" విడిగా వస్తే, తప్పు ఫాంట్‌ది కాదు. అక్షరాల్ని కలిపి వత్తు తయారుచేసే పని సాఫ్ట్‌వేర్‌ది, ఆ సాఫ్ట్‌వేర్‌కి అది చేతకావట్లేదు. ఎన్ని ఫాంట్లు మార్చినా లాభం ఉండదు. "శ్రీ", "స్త్రీ", "లక్ష్మి" కూడా రాసి చూస్తే ఖాయంగా తేలిపోతుంది.

అప్పుడు చేయాల్సింది, ఆ వాక్యాన్ని ఇంక్‌స్కేప్‌లో టైప్ చేయడం. అందులో వత్తులు సరిగ్గా పడతాయి. తరవాత పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ ఇస్తే అక్షరాలు గీతలైపోతాయి. దాన్ని డీఎక్స్ఎఫ్‌గా సేవ్ చేసి డ్రాయింగ్‌లోకి బ్లాక్‌గా తెచ్చుకోండి. టైప్ చేసిన ఇంక్‌స్కేప్ ఫైల్ పారేయొద్దు, గీతలైన అక్షరంలో స్పెల్లింగ్ దిద్దలేరు.

లేజర్‌కో ప్లాస్మాకో పంపే బోర్డైతే ఇంకొక్క జాగ్రత్త. రేకులోంచి అక్షరాన్ని కోసి తీసేసే పనిలో, చుట్టూ గీత మూసుకున్న చోట లోపలి ముక్క రాలిపోతుంది. ఇంగ్లీషులో ఓ, ఏ లాంటి కొన్ని అక్షరాలకే ఈ బెడద. తెలుగులో గుండ్రనివి ఎక్కువ. "విశాఖపట్నం" చివర సున్నానే తీసుకోండి, లోపలి గుండు రాలితే అది సున్నా కాదు, పెద్ద బొక్క. అలాంటి ప్రతిచోటా లోపలి ముక్కని బయటి రేకుతో కలుపుతూ సన్నటి వంతెన వదలాలి. అది మిషన్ ఆపరేటర్ మీదకి నెట్టకుండా డ్రాయింగ్‌లోనే గీసి పంపండి. ఎక్కడ వదిలితే అక్షరం అక్షరంలా కనిపిస్తుందో తెలుగు చదివే డిజైనర్‌కే తెలుస్తుంది.

ఏడో మెట్టు: ఉచిత సాఫ్ట్‌వేర్లతో

లిబర్‌క్యాడ్‌కి ఎల్ఎఫ్ఎఫ్ అని సొంత ఒంటిగీత ఫాంట్లున్నాయి. అది ట్రూటైప్‌ని నేరుగా వాడదు, తనకు తెలిసిన ఫాంట్ పెట్టి చూపిస్తుంది. ట్రూటైప్‌ని ఎల్ఎఫ్ఎఫ్‌గా మార్చే చిన్న పనిముట్టు దాంతోపాటే వస్తుంది. తెలుగుకి మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకుండా పైన చెప్పిన గీతల పద్ధతే వాడండి. క్యూక్యాడ్ అయితే ట్రూటైప్ వాడుకోగలదు.

ఫ్రీక్యాడ్‌లో షేప్‌స్ట్రింగ్‌తో చేసిన అక్షరాలకి ఫాంట్ ఫైల్ ఉన్న చోటు పూర్తి చిరునామాతో సహా నిలవ ఉంటుంది. విండోస్‌లో సీ డ్రైవ్ చిరునామా లినక్స్‌లో ఉండదు కాబట్టి అక్కడ రీకంప్యూట్ చేయగానే ఎర్రర్. పంపేముందు ఆ అక్షరాలకి సింపుల్ కాపీ (ఫాంట్‌తో సంబంధం లేని ఉత్త ఆకారం) తీసి, దాన్ని వాడండి.

ఎనిమిదో మెట్టు: పంపేటప్పుడు

అందుకునేవాళ్లు డ్రాయింగ్ మారుస్తారా, చూసి పని చేస్తారా అన్నది ముందు అడగండి. మార్చేవాళ్లకి డీడబ్ల్యూజీ, ఫాంట్లు, పీడీఎఫ్ మూడూ వెళ్లాలి. చూసి పని చేసేవాళ్లకి పీడీఎఫ్ ఒక్కటే వెళ్లాలి. షాపు గోడకి అంటించేదానికి డీడబ్ల్యూజీ అవసరమే లేదు, సగం తప్పులు అక్కడే ఆగుతాయి.

పీడీఎఫ్‌లో ఫాంట్లు లోపలే పొదగవచ్చు. ఆటోక్యాడ్‌లో పీడీఎఫ్ ఆప్షన్స్‌లో డ్రాయింగ్‌లో వాడిన ఫాంట్లు పట్టుకోమనే టిక్ పెట్టండి. లేదా అక్షరాలన్నీ జ్యామెట్రీగా మార్చేయమనవచ్చు, కానీ అప్పుడు పీడీఎఫ్‌లో పార్ట్ నంబర్ వెతకడం కుదరదు. ఎస్‌హెచ్‌ఎక్స్ అక్షరాలు పీడీఎఫ్‌లో ఎలాగూ గీతలే అవుతాయి, వాటిని వెతకడానికి వీలుగా ఆటోక్యాడ్ కామెంట్లు జోడించగలదు. తయారైన పీడీఎఫ్‌ని రీడర్‌లో తెరిచి డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ చూడండి. ప్రతి ఫాంట్ పక్కన ఎంబెడెడ్ అని ఉండాలి. లినక్స్‌లో పీడీఎఫ్‌ఫాంట్స్ కమాండ్ అదే సంగతి పట్టికలా చూపిస్తుంది. ఏళ్ల తరబడి దాచాల్సిన డ్రాయింగులకి పీడీఎఫ్-ఏ వాడండి. 2005లో ఐఎస్‌ఓ స్టాండర్డ్‌గా వచ్చిన ఆ ఫార్మాట్‌లో ఫాంట్లు పొదగడం తప్పనిసరి.

డీడబ్ల్యూజీలోనే అక్షరాల్ని గీతలుగా మార్చి పంపమని కొందరు అడుగుతారు. విండోస్ ఆటోక్యాడ్‌లో ఎక్స్‌ప్రెస్ టూల్స్ ఉంటే టీఎక్స్‌టీఎక్స్‌ప్ కమాండ్ ఆ పని చేస్తుంది. అది పంపే కాపీలోనే చేయండి, ఫైల్ పేరులోనే ఆ సంగతి తెలిసేలా రాయండి. రివిజన్ వచ్చినప్పుడు గీతలైన కాపీ మీద ఎవరూ పని మొదలుపెట్టకూడదు.

కొత్త వెండర్ వచ్చిన ప్రతిసారీ

ఒక పరీక్ష షీట్ తయారు చేసి ఉంచుకోండి. అందులో మీ ఆఫీసు వాడే ప్రతి టెక్స్ట్ స్టైల్‌లో ఒక వరస, 0 నుంచి 9 అంకెలు, డయామీటర్, డిగ్రీ, ప్లస్-మైనస్, మీరు వాడే టాలరెన్స్ పెట్టెలు, ప్రత్యేక గీతల రకాలు ఒక్కోటి, తెలుగులో "విశాఖపట్నం", "స్త్రీ", "లక్ష్మి" ఉండాలి. ప్రతి వరస చుట్టూ ఆ వరస పొడవుకి సరిగ్గా సరిపోయే గడి గీయండి. ఫాంట్ మారితే అక్షరాలు గడి దాటి, కొలవకుండానే కంటికి తెలిసిపోతుంది. ఆర్డర్ ఖాయం కాకముందే ఈ షీట్ డీడబ్ల్యూజీని వెండర్‌కి పంపి, వాళ్ల మెషీన్‌లో తెరిచి ప్రింట్ తీసి ఫొటో పంపమనండి. స్క్రీన్‌షాట్ చాలదు. స్క్రీన్ మీద బాగున్నవి ప్లాటింగ్ షాపు కంప్యూటర్‌లో మారిపోవచ్చు, ఎందుకంటే అది ఇంకో మెషీన్. ఫొటోలో ఏ గడి తప్పితే ఆ స్టైల్ ఫాంట్ ఫైల్ పంపించి, మళ్లీ ప్రింట్ అడగండి. అన్ని గడులూ సరిపడ్డాకే అసలు డ్రాయింగ్ పంపండి.